ఊళ్లు కట్టే పాలమూరుకు సొంతిల్లు ఎట్లా?

యాంకర్: నమస్కారం, మహబూబ్‌నగర్ స్టూడియోకు స్వాగతం. ఇందిరమ్మ ఇళ్లు మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే. జాగా లేనివాళ్లు కలిసి సొసైటీగా కట్టుకోగలరా? మేస్త్రీ అన్నా, ముందు మీరు చెప్పండి.

మేస్త్రీ: ఇరవై ఏండ్లు ముంబై, పుణె తిరిగాను మేడమ్. సెంట్రింగ్ మాదే, స్లాబ్ మాదే. మా ఊర్లో మాత్రం రేకుల ఇల్లు. పని వచ్చు, జాగా కొనే పైసలే లేవు.

సహకార శాఖ విశ్రాంత అధికారి: షోలాపూర్ చూడండి. అక్కడి బీడీ కార్మికుల్లో చాలామంది మన పద్మశాలీ ఆడబిడ్డలే. వాళ్ల పెద్దలు తెలంగాణ నుంచి మగ్గాల పనికి పోయినవాళ్లు. సొసైటీ పెట్టుకొని కుంభారి దగ్గర 10,000 ఇళ్లు సాధించుకున్నారు, 2006లో తాళాలు అందాయి. తర్వాత రే నగర్‌లో 30,000 ఇళ్లకు పూనుకున్నారు. 2024 జనవరిలో 15,000 చేతికొచ్చాయి. సర్కారు సబ్సిడీ అక్కడా ఉంది. కానీ జనాన్ని కూడగట్టి ఏళ్ల తరబడి వెంటపడింది కార్మికులే.

యాంకర్: మన దగ్గర హౌసింగ్ సొసైటీ అంటే ప్లాట్ల బేరమే గుర్తొస్తుంది సార్.

అధికారి: నా బాధ కూడా అదేనమ్మా. 1964 సహకార చట్టం ఉంది, 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అదే మ్యాక్స్ చట్టం, ఉంది. ప్లాటు ఎవరి పేరు మీద వాళ్లకు పడగానే సొసైటీ పని అయిపోతోంది, అమ్మకాలు మొదలవుతున్నాయి. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో 1968లో గృహ చట్టం తెచ్చారు. అక్కడి పరస్పర సాయం సొసైటీల్లో ఇల్లు సొసైటీ పేరు మీదే ఉంటుంది. సభ్యులకు నివసించే హక్కు, అది పిల్లలకూ వస్తుంది. వదిలి వెళ్తే వాటా సొమ్ము తిరిగిస్తారు. కట్టేటప్పుడు ఒక్కో కుటుంబం వారానికి 21 గంటలు పని చేయాలి.

మేస్త్రీ: నాట్లకు బదులు పోతాం కదా సార్, అట్లనే. ఈ రోజు నా గోడ, రేపు నీ గోడ.

మహిళా సంఘం లీడర్: అన్నా, ఆ హక్కు భార్యాభర్తలిద్దరి పేరు మీదా రాయాలి. తాగొచ్చి వెళ్లగొడితే ఆడమనిషి ఎక్కడ తలదాచుకుంటుంది? ఇంకోటి, వలస పోయినవాళ్ల గంటలు ఎవరు చేస్తారు? మాకు అసలు టెన్షన్ అదే.

మేస్త్రీ: వానాకాలం వాళ్లు ఊర్లోనే ఉంటారక్కా. లోపలి ప్లాస్టరింగ్, తలుపులు, కిటికీలు వాళ్లకు పెడదాం. ఎండాకాలం స్లాబ్ ఊర్లో ఉన్నవాళ్లం పోస్తాం.

లీడర్: ఆ మాట మొదటి మీటింగ్‌లోనే రిజిస్టర్‌లో రాయించాలి అన్నా.