గోడ మీది సర్టిఫికెట్ ఎవరిది?

(హైదరాబాద్‌లో ఒక కాలనీ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను చాలా ఏళ్ళు ఐటీఐలో కాస్మెటాలజీ, అంటే బ్యూటీషియన్ పని, పాఠాలు చెప్పాను. నా దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు ఈరోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా పార్లర్లలో పని చేస్తున్నారు. కొందరు సొంతంగా నడుపుకుంటున్నారు. ఈ పనంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే ఇవాళ మాట్లాడుతున్నాను.

పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయంటే నాకు ఫోన్లు పెరుగుతాయి. పీల్, అంటే యాసిడ్ లాంటిది పూసి చర్మం పై పొర తీసేది, చేయించుకుంటే బుగ్గలు కమిలిపోయాయని ఒకరు, స్మూతెనింగ్ తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని ఇంకొకరు. చివరికి అందరూ అడిగేది ఒకటే: "మేడమ్, ఆ పార్లర్ ఆవిడకి అసలు క్వాలిఫికేషన్ ఉందా? ఎలా తెలుసుకోవాలి?" తెలుసుకోవచ్చు. అయితే దానికంటే ముందు చూసుకోవాల్సింది మీ చర్మం.

కాలినట్టు మంటగా ఉంటే వెంటనే కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు రుద్దకండి. టూత్‌పేస్టు, పసుపు పూయకండి. బొబ్బలు లేచినా, కళ్ళు వాచినా ఆరోజే డాక్టర్‌కి చూపించండి. ఊపిరి ఆడనట్టుంటే నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి. డబ్బు ఇబ్బందైతే ఉస్మానియాలో, గాంధీలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ఏ రోజు, ఎక్కడ, ఏం చేయించుకున్నారో ఓపీ చీటీ మీద రాయించుకోండి. "మళ్ళీ రండి, ఫ్రీగా రికవరీ ఫేషియల్ చేస్తాం" అని పార్లర్‌వాళ్ళు పిలిస్తే మాత్రం వెళ్ళకండి. దెబ్బతిన్న చర్మం మీద ఇంకో ప్రొడక్టు పడితే, ఏది దేనివల్ల జరిగిందో తేల్చడం డాక్టర్‌కీ కష్టమవుతుంది.

ఆ సాయంత్రమే పగటి వెలుతురు ఉండగా ఫోటోలు తీయించుకోండి. బిల్లు, ఫోన్‌పే మెసేజీ, వాట్సాప్ మాటలు, వాడిన డబ్బా ఫోటో దొరికితే అదీ, ఏవీ డిలీట్ చేయకండి. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో జుట్టు చెప్పినదానికంటే బాగా పొట్టిగా కత్తిరించారని ఒకామె కేసు వేసింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2021లో ఆమెకు 2 కోట్ల రూపాయలు ఇమ్మంది. 2023లో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసి, నష్టం ఎంతో ఆధారాలతో చూపించమని కేసును వెనక్కి పంపింది. సేవలో లోపం ఉందన్న మాటను కోర్టు కాదనలేదు. ఆ అంకెకు కాగితం అడిగింది.

ఇక క్వాలిఫికేషన్ సంగతి. పార్లర్‌లో అడుగు పెట్టగానే ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు కనిపిస్తాయి. చాలా చోట్ల అవి ఓనర్‌వి. మీ మొహం మీద చెయ్యి వేసింది వేరే అమ్మాయి. కాబట్టి ఆ అమ్మాయి పేరేంటి, ఎక్కడ నేర్చుకుంది, సరిగ్గా ఈ ట్రీట్‌మెంట్‌లోనే శిక్షణ తీసుకుందా అని ఓనర్‌ని అడగండి. నోటితో అడిగితే రేపు మాట మారుతుంది. వాట్సాప్‌లో రాసి అడగండి. జవాబు రాకపోయినా, మీరు అడిగినట్టు రుజువు మిగులుతుంది.

ఇక్కడ ఒక్క మాట. ఆ అమ్మాయి మీద అరవకండి. ఎక్కడి నుంచో వచ్చి, హాస్టల్లో ఉంటూ, మేడమ్ చెప్పింది చేసే పిల్ల అయ్యుంటుంది. రాని పని చేయించి డబ్బు తీసుకున్నది యజమాని. బాధ్యతా యజమానిదే.

కాగితం చేతికొచ్చాక నేనైతే ముందు అది ఎన్నాళ్ళ కోర్సో చూస్తాను. ఐటీఐలో కాస్మెటాలజీ ఒక సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది, పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. దాని నంబరును ప్రభుత్వ స్కిల్ ఇండియా పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పేరుతో వచ్చేవీ ఉన్నాయి. మన ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్‌లో నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. సిడెస్కో అని ఉంటే అది అంతర్జాతీయ డిప్లొమా. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ కాగితమైతే అక్కడికే ఫోన్ చేసి, ఈ పేరుతో, ఈ ఏడాదిలో ఎవరైనా చదివారా అని అడగండి. కాగితం మీద ఫోన్ నంబరు, అడ్రసు, రోల్ నంబరు ఏదీ లేకపోతే అనుమానించాల్సిందే.

నాకు ఎక్కువ భయం వేసేది మెషీన్లు అమ్మే కంపెనీలు ఇచ్చే సర్టిఫికెట్లంటే. మెషీన్ కొన్నప్పుడు ఒక పూట డెమో చూపించి, బంగారు అంచు కాగితం చేతిలో పెడతారు. చదివి చూడండి, 'పార్టిసిపేషన్' అని ఉంటుంది. అంటే ఆ పూట కూర్చుని చూశారని. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, ఎక్కువ. లేజర్ గానీ, తీవ్రమైన వెలుతురు కొట్టే ఐపీఎల్ మెషీన్ గానీ సెట్టింగ్ కాస్త తప్పితే ఆ వేడిని మెలనినే పీల్చుకుంటుంది. చర్మం కాలి, నెలల తరబడి మచ్చ ఉండిపోతుంది. ఒక పూట డెమోలో ఇది రాదు.

మన దేశంలో బ్యూటీషియన్‌గా పని చేయడానికి ప్రత్యేక లైసెన్సు తప్పనిసరి చేసే చట్టం లేదు. జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు చూపిస్తారు, టిఫిన్ సెంటర్ కూడా అదే తీసుకుంటుంది. చేసేవాళ్ళకి పని వచ్చా రాదా అన్నది దానికి పట్టదు. ఈ లోటు ఇంకా తీరలేదంటే నాకు బాధగా ఉంటుంది. నా దగ్గర ఏడాదంతా కష్టపడి చదివిన పిల్లకూ, వారం రోజుల్లో బోర్డు పెట్టినవాళ్ళకూ ప్రభుత్వం దృష్టిలో తేడా లేదు.

కానీ మీకు చేసింది సూదితో ఇచ్చే ట్రీట్‌మెంటైతే లెక్క మారుతుంది. ముడతలకు ఇచ్చే బొటాక్స్, మొహం నిండుగా కనిపించడానికి ఎక్కించే ఫిల్లర్, మన రక్తం నుంచే తీసి ఎక్కించే పీఆర్‌పీ, తెల్లబడటానికని ఎక్కించే గ్లూటాథయోన్, ఇవన్నీ డాక్టర్ల పనులు. ఘాటైన యాసిడ్ పీల్ కూడా డాక్టర్ చూసుకోవాల్సిందే. అప్పుడు అడగాల్సింది బ్యూటీ డిప్లొమా కాదు, మెడికల్ రిజిస్ట్రేషన్ నంబరు. డాక్టర్లు ఆ నంబరును క్లినిక్‌లో పెట్టాలి, ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద వేయాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. 'కాస్మెటాలజిస్ట్' అన్న పదానికి మోసపోవద్దు, బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. పేరు పక్కన చర్మవ్యాధుల డాక్టర్ల డిగ్రీలైన ఎండీ డెర్మటాలజీ, డీవీఎల్, డీడీవీఎల్ లాంటివి ఉన్నాయా అన్నది చూడండి. రిజిస్టర్‌లో పేరు లేకుండా వైద్యం చేస్తే, 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఫిర్యాదు కౌన్సిల్‌కే ఇవ్వండి.

పార్లర్ మీద ఫిర్యాదుకైతే ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ గడువు ఉంది. బిల్లు ఇవ్వలేదా? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, దాన్నీ ఫిర్యాదులో రాయండి. ముందే సంతకం పెట్టించుకున్న 'మాకు బాధ్యత లేదు' కాగితం చూసి వెనక్కి తగ్గకండి, నిర్లక్ష్యానికి అది అడ్డు కాదు. మొహం శాశ్వతంగా వికృతమైతే భారతీయ న్యాయ సంహిత దాన్ని తీవ్రమైన గాయంగా లెక్కిస్తుంది. అలాంటప్పుడు పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్ళాలి.

మీలో ఎవరి ఫోన్‌లోనైనా అలాంటి సర్టిఫికెట్ ఫోటోలు, బిల్లులు ఉంటే ముందుకు రండమ్మా. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.