సెకండ్ హ్యాండ్ మస్టాంగ్: సౌండ్ తర్వాత విందాం, ముందు కార్పెట్ ఎత్తండి

నమస్కారమండి. నా వెనక ఉన్న ఎర్ర బండి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 2017 మోడల్. భీమవరం పక్కన ఒక రైస్ మిల్లు షెడ్డులో ఉంది. కొందామనుకుంటున్నది నేను కాదు, మా బావ. ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఈ ఏడు రేటు కలిసొచ్చింది, ఎప్పటినుంచో ఉన్న మోజు తీర్చుకుందామని బయల్దేరాడు. నన్ను వెంటబెట్టుకొచ్చింది సలహా కోసం అంటున్నాడు గానీ, బండి బాగుందని నా నోటితో చెప్పించుకోవడానికే అని నాకు తెలుసు.

బండి గురించి రెండు ముక్కలు. మస్టాంగ్ పేరు 1964 నుంచి ఉన్నా, ఫ్యాక్టరీలోనే కుడివైపు స్టీరింగ్ పెట్టి తయారుచేయడం ఈ ఆరో తరంతోనే మొదలైంది. అందుకే మన దేశానికి 2016 జూలైలో రాగలిగింది. అప్పటి ఢిల్లీ ఎక్స్ షోరూమ్ ధర 65 లక్షలు. 5 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజిన్, 401 పీఎస్ పవర్, 515 న్యూటన్ మీటర్ల టార్క్, 6 గేర్ల ఆటోమేటిక్. ఓనరు గారు ఇప్పుడు అడుగుతున్నది 50 లక్షల పైమాటే. మీటర్ 19 వేల కిలోమీటర్లు చూపిస్తోంది.

ఆ 19 వేలు చూసి మా బావ మొహం వెలిగిపోయింది. నాకు అనుమానం మొదలైంది అక్కడే. ఇన్నేళ్లలో 19 వేలంటే, తిరిగిన రోజులకంటే నిలబడిపోయిన రోజులే ఎక్కువ. మన డెల్టాలో నిలబడిన బండి ఊరికే ఉండదండి. గాలిలో తేమ, నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి, చుట్టూ చెరువులు. బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, రబ్బర్లు గట్టిపడతాయి, బ్యాటరీ చస్తుంది. పైగా ఇది రైస్ మిల్లు షెడ్డు. ఎలకలకు వేరే పిలుపు అక్కర్లేదు. బానెట్ ఎత్తగానే నేను ఇంజిన్ చూడలేదు, దాని వెనక వైర్ల మీద పంటిగాట్లు ఉన్నాయేమో చూశాను. మూలల్లో కాస్త వడ్లపొట్టు కనిపించింది గానీ వైర్లు బాగానే ఉన్నాయి.

నిన్న రాత్రే ఫోన్ చేసి, మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పాను. మీరు కూడా ఈ మాట చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్‌లో మీరు వినకూడని చప్పుడేదో ఉందని అర్థం కావచ్చు. ఇది చల్లగానే ఉంది. ఇప్పుడు వినండి.

ఆ... విన్నారుగా. షెడ్డు రేకులు అదిరాయి. మా బావ నా భుజం చరిచి "ఏరా, ఎలా ఉంది?" అంటున్నాడు. బాగుంది బావా, సౌండ్‌కి డబ్బులు తర్వాత ఇద్దువుగాని. పొగ చూడు ముందు. పొద్దున్నే కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే ఇబ్బంది లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూనే ఉంటే కూలెంట్ లోపలికి పోతోందని, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని. ఇక్కడ రెండూ లేవు. సైలెన్సర్ కూడా కంపెనీదే, బయట మార్చింది కాదు. అదొక సంతోషం.

ఇప్పుడు టైర్ దగ్గరికి రండి, కెమెరా కిందికి. సైడ్ వాల్ మీద కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగంకెలు కనిపిస్తున్నాయా? 1417. అంటే 2017లో 14వ వారం తయారీ. బండితో పాటు వచ్చిన టైరే. గాడి లోతు చూస్తే కొత్తదానిలా ఉంది, కానీ గోరుతో నొక్కితే రబ్బరు రాయిలా తగులుతోంది, పక్కన సన్నటి పగుళ్లు. ఇది 401 పీఎస్ మొత్తం వెనక చక్రాలకే పంపే బండి. వానాకాలంలో, మన తారు రోడ్డు మీద, ఈ టైర్లతో కాలు గట్టిగా నొక్కితే బండి ముందుకెళ్లదు, పక్కకెళ్లి కాలవలో దిగుతుంది. ముందు 255, వెనక 275, అన్నీ 19 అంగుళాలవి. నాలుగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు రేటులోంచి తీసేయాలి. ఓనరు గారు "గ్రిప్ ఇంకా ఉందండి" అంటున్నారు. ఉన్నది గ్రిప్ కాదండి, గాడి.

అసలు విషయానికొద్దాం. ముంపు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతిసారీ సెల్లార్లలో ఉన్న ఖరీదైన బండ్లు మునిగాయి. అలాంటివి కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి ఇంకో ఊళ్లో అమ్ముతుంటారు. మన దగ్గర 2022 జూలై వరదకు లంకలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. కాబట్టి ఎక్కడి నంబరైనా సరే, ఈ పరీక్ష మానొద్దు.

సీట్ బెల్టు చివరిదాకా లాగండి. మామూలుగా ఎవరూ అంతదాకా లాగరు, కడిగేవాళ్లు కూడా. మునిగిన బండి అయితే అక్కడ మట్టి చార ఉంటుంది. ఇది శుభ్రం. సీటు వెనక్కి తోసి పట్టాల బోల్టులు చూడండి. డ్రైవర్ వైపు మెరుస్తున్నాయి. ఎడమ వైపు... టార్చ్ ఇటు... చూశారా, తుప్పు. సీటు కింద ఈ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. పక్కనున్న పసుపు కనెక్టర్‌ని మాత్రం కదపకండి, అది ఎయిర్‌బ్యాగ్‌ది.

ఇక్కడికొచ్చేసరికి మా బావ మొహం వాడిపోయింది. ఓనరు గారికి టెన్షన్. నేను కార్పెట్ ఎత్తుతానన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నారు, అక్కడే ఆయన మీద కొంచెం నమ్మకం కుదిరింది. ఎత్తితే కింద స్పాంజి తడిగా ఉంది. కానీ ఎడమ వైపు మాత్రమే. కుడివైపు పొడి. డిక్కీలో మ్యాట్ తీసి అడుగు గుంట చూశాను, దుమ్ము తప్ప ఏమీ లేదు. మునిగితే ఆ మూలల్లో, స్క్రూ తలల్లో ఒండ్రు పేరుకుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఎయిర్ ఫిల్టర్ బాక్సులో నీటి చార లేదు. హెడ్‌లైట్లలో చెమ్మ లేదు.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. ముంపు నీరైతే రెండు వైపులా ఒకే మట్టంలో నిలబడుతుంది. ఒక్క పక్కే తడి అంటే అది బయట్నుంచి వచ్చిన వరద కాదు, లోపల కారుతున్న నీరు. చాలా కార్లలో ఇలా జరిగేది ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినప్పుడు, లేదా అద్దం కింద వాన నీరు పోయే దారికి ఆకులు అడ్డం పడినప్పుడు. గొట్టం ఊడదీసి గాలి కొట్టించాం, ఇదిగో ఈ ముద్ద వచ్చింది. మట్టి, వడ్లపొట్టు. కనెక్టర్ శుభ్రం చేయించాలి, కార్పెట్ ఎండబెట్టాలి. ఖర్చు ఉంది గానీ బండి వదులుకునేంత విషయం కాదు. ఇదే ముంపు బండి అయ్యుంటే, సగం రేటుకిచ్చినా వద్దని చెప్పేవాణ్ణి. మునిగిన వైరింగ్ ఈరోజు లైట్ ఆపుతుంది, రేపు గేర్‌బాక్స్ ఆపుతుంది, ఏ మెకానిక్కూ దాని అంతు తేల్చలేడు.

పెయింట్ సంగతి చకచకా. పెయింట్ మందం కొలిచే మీటర్ పెడితే కంపెనీ పెయింట్ సుమారుగా 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. ఎడమ వెనక ప్యానెల్ మాత్రం 300 దాటింది, అంటే మళ్లీ వేయించారు. గేటుకు గీసుకుందట, ప్యానెల్ వంకర లేకుండా సమంగానే ఉంది కాబట్టి నమ్ముతాను. ఇంకో మాట, ఈ మోడల్ బానెట్, ముందు ఫెండర్లు, అంటే ముందు చక్రాల మీది రేకులు, అల్యూమినియం. అయస్కాంతం అంటుకోలేదని పుట్టీ పెట్టారనుకుని గొడవ పెట్టుకోకండి. అల్యూమినియం చదవగల మీటరే తీసుకెళ్లండి.

బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టాం. ఎర్రర్లు లేవు. అయితే ఎర్రర్లు లేకపోవడానికి ఇంకో దారి కూడా ఉంది, మీరు రాబోయే ముందు చెరిపేయడం. అందుకే రెడీనెస్ మానిటర్లు చూడండి, అంటే బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపేవి. చెరిపేసినా, బ్యాటరీ పీకినా అవి మళ్లీ మొదటికొస్తాయి, పూర్తవ్వాలంటే బండి కొంత దూరం తిరగాలి. ఇక్కడ చాలావరకు పూర్తికాలేదు. అడిగితే పోయిన వారం బ్యాటరీ మార్చాం అన్నారు, బిల్లు చూపించారు. సరే, ఇంకోసారి నాలుగు రోజులు తిప్పాక మళ్లీ స్కాన్ చేస్తాను. ఆ మాట మీద గట్టిగా ఉన్నాను.

రోడ్డు మీదికి తీసుకెళ్లాం. కాలవ గట్ల మీద కాదు, తాడేపల్లిగూడెం వెళ్లి హైవే ఎక్కాం. బండి ఎత్తు తక్కువ, ఊళ్లలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఏటవాలుగా ఎక్కించాల్సి వచ్చింది, ముందు బంపర్ కింద పాత గీతలు ఎందుకున్నాయో అర్థమైంది. పార్కింగ్ నుంచి రివర్స్‌కి, రివర్స్ నుంచి డ్రైవ్‌కి వేస్తే ఆలస్యం, కుదుపు లేవు. డిస్కుల మీది పైపై తుప్పు నాలుగు బ్రేకులకే పోయింది, అంచుల్లో గుంటలు లేవు. ట్రాఫిక్‌లో వేడి ముల్లు కదల్లేదు. డ్రైవింగ్ మోడ్లలో "స్నో, వెట్" అని ఒకటుంది. స్నో మనకెందుకూ రాదు గానీ, కొత్త టైర్లు వేసేదాకా ఆ మోడ్‌లోనే నడపమని బావకి చెప్పాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

చివరిగా కాగితాలు. నంబరు పీవై 04, అంటే యానాంది. బండి మాత్రం మొదట్నుంచీ భీమవరంలోనే ఉంది. ఇంకో రాష్ట్రం లేదా కేంద్రపాలిత ప్రాంతం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇంత ధర బండికి ఆ ట్యాక్స్ చిన్న మొత్తం కాదు. ఎవరు కడతారో అడ్వాన్స్ ఇవ్వకముందే రాసుకోవాలి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలిసింది. అందులో పదో అక్షరం హెచ్ ఉంటే 2017 మోడల్, జీ ఉంటే 2016. ఇది హెచ్. లోన్ తీరింది గానీ ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే లోన్ తాకట్టు నమోదు, ఇంకా తీసేయించలేదు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మాత్రం పాత ఓనరుతోనే పోతుంది, బండితో రాదు.

ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. మస్టాంగ్ అంతకుముందు కూడా పూర్తిగా దిగుమతే. ముందు అద్దం, ఒక హెడ్‌లైట్, ఈ రెండింటి రేటూ, వచ్చే గడువూ సర్వీస్ సెంటర్‌లో అడిగాకే బేరానికి కూర్చోమన్నాను.

బేరం కూర్చున్నాం కూడా. టైర్లు, కనెక్టర్ పని, లైఫ్ ట్యాక్స్ కాగితం మీద రాసి ఓనరు గారి ముందు పెట్టాను. టైర్లకు ఒప్పుకున్నారు, ట్యాక్స్ దగ్గర ఆగారు. మా బావ అప్పటికే జేబులో చెయ్యి పెట్టాడు. ఎన్‌ఓసీ చేతికొచ్చి, రెండో స్కాన్ అయ్యేదాకా ఆ చెయ్యి బయటికి తీయొద్దన్నాను.