మంచం పక్కన నేర్పవలసిన పని

(సామాజిక సేవారంగంలోని తొలిమెట్టు సహాయక ఉద్యోగాలకు శిక్షణ అన్న అంశంపై నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దలకు, మండల సమాఖ్యల నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు, ఆశా కార్యకర్తలకు, ఈ పనిలోకి రావాలన్న ఆలోచనతో వెనక వరుసల్లో కూర్చున్న యువతీ యువకులకు నమస్కారం.

వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసే ఆయా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో నడవలేని పిల్లవాణ్ని ఎత్తి కూర్చోబెట్టే సహాయకురాలు, ప్రభుత్వ హాస్టల్లో జ్వరం వచ్చిన పిల్ల పక్కన కూర్చునే కామాటి, పక్షవాతంతో మంచం పట్టిన మనిషికి ఇంటికి వెళ్లి స్నానం చేయించే కేర్‌టేకర్, వీళ్ల గురించే నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. వీళ్లకు పైన సూపర్‌వైజర్లుంటారు, డాక్టర్లుంటారు, అధికారులుంటారు. అయినా ఆదుకోవలసిన మనిషిని రోజూ తాకేదీ, లేపేదీ, తినిపించేదీ వీళ్లే. ఇంత దగ్గరగా చేసే పనికి మనం ఇస్తున్న శిక్షణ చాలాచోట్ల ఒక హాలులో కుర్చీలు వేసి, తెర మీద బొమ్మలు చూపి, చివరి రోజు సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫోటో దిగడంతో ముగుస్తున్నది.

మన జిల్లాల్లో ఈ పనికి అవసరం ఎక్కడ నుంచి వస్తున్నదో ముందు చెప్పుకోవాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన తరాలు మన మధ్యనే ఉన్నాయి. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు మన ఊరి పేరే పెట్టి, నల్లగొండ టెక్నిక్ అన్నారు. తరువాత మిషన్ భగీరథతో నది నీళ్లు వచ్చాయి. నీళ్లు మారడం వల్ల పుట్టబోయే పిల్లలకు ఆ బాధ తప్పుతుంది గాని, ఇప్పటికే బిగుసుకుపోయిన వెన్ను మళ్లీ వంగదు, గట్టిపడిన మోకాలు సాగదు. వాళ్లు ఇంకా చాలా ఏళ్లు బతుకుతారు, బతకాలి, ఆ బతుకంతా ఎవరో ఒకరి చేయూత కావలసే ఉంటుంది. ఇటు పాలమూరు వైపు చూస్తే, నారాయణపేట, మక్తల్, కొడంగల్ ప్రాంతాల నుంచి పని వయసులో ఉన్నవాళ్లు ముంబై, పుణె, హైదరాబాద్‌లకు వలస పోతే, ఇంట్లో మిగిలేది అవ్వాతాతలు, వాళ్ల మీద పడిన మనవలు. అవ్వ కాలుజారి పడితే లేపే మనిషి ఆ ఇంట్లో ఉండడు.

ఈ పనికి పనిమంతులను తయారు చేయడమంటే మనవాళ్లు సాధారణంగా చేసిపెట్టవలసిన పనుల జాబితా రాసి ఇస్తారు: స్నానం, బట్టలు, తిండి, మందులు, పక్క మార్చడం. ఆ జాబితా తప్పు కాదు. కాని అసలు కష్టమంతా ఆ మనిషి తనంతట తాను ఎంత చేసుకోగలడో కనిపెట్టి, అక్కడిదాకా చేసుకోనిచ్చి, ఆ తరువాతే చేయి వేయడంలో ఉంది. పక్షవాతం వచ్చిన తాతకు కుడి చేయి పడిపోయినా ఎడమ చేత్తో ముద్ద ఎత్తగలడు. ఆలస్యమవుతుంది, మెతుకులు కింద పడతాయి, తుడవాలి. తొందరలో ఉన్న సహాయకురాలు తానే తినిపించేస్తుంది. అలా నెలలు గడిస్తే ఎడమ చేయి కూడా అలవాటు తప్పుతుంది, ఆయనకు తిండి మీద ఆసక్తీ తగ్గుతుంది. చూసేవాళ్లకు మాత్రం ఆమె ఎంత ప్రేమగా తినిపిస్తున్నదో అనిపిస్తుంది. ఆ ప్రేమ వల్ల జరిగే నష్టాన్ని గుర్తించేలా చేయడమే శిక్షణలో మొదటి పాఠం కావాలని నా అభిప్రాయం.

ఇది హాలులో నేర్పే పాఠం కాదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకున్న మనిషిని నులక మంచం మీద నుంచి లేపడం ఒక్కటే చూడండి. నులక సాగి మంచం మధ్యలో కుంగి ఉంటుంది, కోళ్లు పొట్టిగా ఉంటాయి. వెన్ను వంగని మనిషి అందులోంచి లేవడం దాదాపు అసాధ్యం. రెండు చేతులూ పట్టి గుంజితే భుజం పట్టేస్తుంది, మెడ మీద భారం పడుతుంది. ముందుగా "తాతా, లేపుతున్నా, ఇటు తిరుగుదామా" అని చెప్పాలి. ఒక పక్కకు తిప్పి, కాళ్లు మంచం అంచు మీదుగా కిందికి దించి, ఆయన మోచేతి మీద భారం వేసుకుని పైకి లేస్తుంటే భుజం వెనక, తుంటి దగ్గర ఆనుగా ఉండాలి. లేపే మనిషి తన నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి, లేకపోతే రెండేళ్లలో ఆమే మంచం పడుతుంది. కోళ్ల కింద ఇటుకలు పెట్టి మంచం ఎత్తు పెంచితే సగం కష్టం తీరుతుందని ఒక ఆయా చెప్పింది. ఏ పుస్తకంలోనూ నాకది కనబడలేదు. గట్టిపడిన కీలును సాగదీయబోవడం, మాలిష్ పేరుతో బలంగా నొక్కడం ఎంత ప్రమాదమో కూడా అక్కడే, ఆ మనిషి ముఖం చూస్తూనే చెప్పాలి.

మెడ వెనక్కి వాలని మనిషికి నీళ్లు తాగించడం మరొక విద్య. మన దగ్గర గ్లాసు పెదవికి తగలకుండా పైనుంచి నోట్లో పోయడం అలవాటు. మింగే శక్తి తగ్గిన మనిషికి అలా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. మామూలు గ్లాసుతో తాగిద్దామంటే, గ్లాసు అంచు ముక్కుకు తగిలి తల వెనక్కి వాల్చవలసి వస్తుంది, ఆ మెడ వాలదు. ప్లాస్టిక్ గ్లాసుకు ముక్కు ఆనే వైపు అంచును అర్ధచంద్రంలా కత్తిరించి గరుకు తీసేస్తే, తల కదలకుండానే మనిషి తాగగలడు. ఖర్చు లేని పని. మంచం పట్టినవారిని కనీసం రెండు గంటలకొకసారి పక్క మార్చాలనీ, మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర చర్మం నొక్కి చూడాలనీ, నొక్కినా తగ్గని ఎరుపు లేదా వేడి కనబడితే పుండు మొదలవుతున్నదని అర్థమనీ, భోజనం నిటారుగా కూర్చోబెట్టి పెట్టి, తిన్నాక అరగంట పడుకోనివ్వరాదనీ కూడా ఇలాగే నేర్పాలి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళం చెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూసుకుని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇంతే. కాని ఈ ఇంతేను పదిమందీ అరుస్తుండగా చేయగలగాలి కాబట్టి, నోటితో చెప్పి వదిలేయకుండా చేయించి చూడాలి.

మన శిక్షణల్లో ఎక్కడా తగిన చోటు దొరకని విషయం రాత. చూసినది చూసినట్టు రాయడం. రిజిస్టరులో "అవ్వ మొండికేసింది" అని రాసి ఉంటుంది. ఆ మాటతో డాక్టరు ఏమీ చేయలేడు, మరుసటి డ్యూటీకి వచ్చే మనిషికి అవ్వ మీద విసుగు మాత్రం కలుగుతుంది. "పొద్దున రెండు ముద్దల గటక తిని ప్లేటు తోసేసింది, ఎడమ దవడ పట్టుకుని చూపింది" అని రాస్తే, అది పంటి నొప్పి కావచ్చునని చదివినవాడికి తోస్తుంది. "తాత నీరసంగా ఉన్నాడు" అన్నదాని కంటే, "పొద్దున్నుంచి మూత్రం ఒక్కసారే వచ్చింది, రంగు ముదురుగా ఉంది, నిన్న పేరు పెట్టి పిలిచాడు, ఈ రోజు నన్ను గుర్తుపట్టలేదు" అన్న రాత ప్రాణం కాపాడవచ్చు. ముసలితనంలో ఒక్కసారిగా మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోవడం చాలాసార్లు లోపల ఏదో జబ్బు ముదురుతున్నదనడానికి సూచన. మన తనిఖీలకు వచ్చేవాళ్లు మాత్రం రిజిస్టరులో గళ్లు అన్నీ నిండాయా, సంతకం ఉందా అని చూసి పోతారు. చదవరు. చదవనివాళ్ల కోసం రాసే రాత ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. రాత అంతగా రానివాళ్లకు బొమ్మలు, గీతలతో పట్టిక చేసి ఇవ్వవచ్చు, ఫోన్‌లో మాట రికార్డు చేయించవచ్చు. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ మాట్లాడే అవ్వ నొప్పిని ఏ మాటతో చెబుతుందో, నల్లమలలో పెంటలని పిలిచే చెంచు గూడేల్లో పెద్దలు బాధను ఎలా చెబుతారో బయటి ఊరి సహాయకురాలికి తెలియదు. అందుకే ఆ పనికి ఆ తండా మనిషినే, ఆ పెంట మనిషినే ఎంచుకోవాలని కోరుతున్నాను, పదో తరగతి మార్కులు కొంచెం తగ్గినా సరే.

హద్దుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఇంజెక్షన్ ఇవ్వడం, మందు మోతాదు మార్చడం, లోతైన పుండుకు సొంతంగా వైద్యం చేయడం సహాయకుల పని కాదు. డబ్బు కూడా అంతే. వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. కొన్ని ఇళ్లలో మంచాన ఉన్న మనిషి పేరు మీద వచ్చేది ఆ డబ్బొక్కటే. దాన్ని తీసుకురావడానికి వేలిముద్ర వేయించడం, లెక్క చెప్పడం, రసీదు దాచడం ఎలాగో శిక్షణలో స్పష్టంగా చెప్పకపోతే, మంచి మనిషి మీద కూడా నింద పడుతుంది, చెడ్డ మనిషికి దారి దొరుకుతుంది. పిల్లలను కన్నవాళ్లు కొడుతున్నట్టు తెలిస్తే 1098, పెద్దలను వదిలేసినట్టు తెలిస్తే 14567, మనసు చెదిరిన మనిషి గురించి సలహా కావాలంటే 14416 అన్న నంబర్లు వాళ్ల ఫోన్‌లో ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చని కూడా తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, సహాయం అందించే మనిషినీ అందులో నిర్వచించింది. కాబట్టి మన సహాయకురాలు ఎవరి దయ మీదో చేస్తున్న పని కాదిది. తన మీద ఎవరైనా చేయి వేస్తే ఎక్కడ చెప్పుకోవాలో కూడా ఆమెకు చెప్పి పంపాలి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం, ఇళ్లలో పనిచేసేవాళ్లు సైతం జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఈ పనికి ఆడవాళ్లే రావాలన్న అలవాటు గురించి ఒక మాట. ఎనభై ఏళ్ల తాతకు స్నానం చేయించాలంటే ఆయనా సిగ్గుపడతాడు, చేయించే ఇరవై ఏళ్ల పిల్లా సిగ్గుపడుతుంది. మగపిల్లలు ఇది ఆడపని అనుకుంటున్నారు. వాళ్లను పిలిచే నోటిఫికేషన్లు కూడా అలాగే రాస్తున్నారు.

మరి శిక్షణ ఎంత కాలం ఉండాలి? ఒకే దఫా నెల రోజులు కూర్చోబెట్టడం కన్నా, ఆశా కార్యకర్తలకు మొదట్లో పెట్టిన పద్ధతి నాకు నచ్చుతుంది. తొలి ఏడాదిలో ఇరవై మూడు రోజుల శిక్షణను ఐదు విడతలుగా పంచారు. మధ్యలో వాళ్లు ఊరికి వెళ్లి పని చేసి, చిక్కులు ఎదురై, ప్రశ్నలు మూటగట్టుకుని తిరిగి వచ్చేవారు. రెండో విడతలో అడిగే ప్రశ్న మొదటి విడతలో పుట్టదు. వైకల్యం ఉన్నవారికి ఊళ్లోనే తోడ్పడేవాళ్ల కోసం భారత పునరావాస మండలి 2021లో ఆరు నెలల కోర్సు మొదలుపెట్టింది. దాన్ని పూర్తి చేసినవారిని దివ్యాంగ్ మిత్ర అంటారు. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వీటన్నిటి నుంచి నేర్పేవాళ్లను ఊళ్లకు రప్పించుకోవాలి, మనవాళ్లను అక్కడికి పంపి నేర్పించుకోవాలి. అత్తను పదేళ్లు మంచం మీద సాకిన కోడలికి చదువు లేకపోయినా ఈ విద్య సగం వచ్చే ఉంటుంది; ముందే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే వీలు కేంద్ర నైపుణ్య శిక్షణ పథకంలో ఉంది, దాన్ని ఇలాంటి ఆడవాళ్ల కోసం వాడుకోవాలి.

వేతనం లేకుండా ఇదంతా మాటలుగానే మిగులుతుంది. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో చెప్పేదాకా, 1975లో మొదలైన ఆ పథకంలో వాళ్లను ఉద్యోగులుగా లెక్కించడానికి ఎంత వెనకాడామో మీకు తెలుసు. కొత్తగా వచ్చే సహాయకుల విషయంలోనూ అదే జరగకూడదంటే, శిక్షణ కాలానికే రోజు కూలి కట్టివ్వాలి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో శిక్షణకు రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. వచ్చినా మనసు చేలోనే ఉంటుంది. పని కాలాలు ఊరూరికీ వేరు కాబట్టి తేదీలను జిల్లా కార్యాలయంలో కూర్చుని ఖరారు చేయకుండా, ఆ మండల సమాఖ్యను అడిగి పెట్టాలి. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం, చంటిపిల్లలను ఆ రోజుకు దగ్గరి అంగన్‌వాడీలో ఉంచే ఏర్పాటు, శిక్షణ ముగిశాక మొదటి ఆరు నెలలు నెలకొకసారి అనుభవమున్న ఒక నర్సు గాని సీనియర్ ఆయా గాని ఇంటికే వచ్చి పక్కన నిలబడి చూసే ఏర్పాటు, ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చు మొదటి బడ్జెట్ కాగితంలోనే రాసి ఉండాలని ఈ సభలో ఉన్న అధికారులను కోరుతున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరుసల నుంచి మొదలుపెడదాం.