నో కాస్ట్ ఈఎంఐ: ఆ వడ్డీ ఎవరు కడుతున్నారు?

దసరా సేల్‌లో ఫోన్ ధర కింద ‘నెలకు 5,000 మాత్రమే, నో కాస్ట్ ఈఎంఐ’ అని కనిపిస్తుంది కదా, షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు ‘ఒక్క రూపాయి ఎక్కువ పడదు సార్’ అని భరోసా కూడా ఇచ్చేస్తాడు. మరి బ్యాంకు ఆరు నెలలపాటు మనకి ఊరికే డబ్బెందుకిస్తుంది? ఇవ్వదండీ. వడ్డీ వేస్తుంది, కాకపోతే దాన్ని ముందే ఇంకోచోట సర్దేస్తారు. ఎక్కడ సర్దుతున్నారో లెక్కేసి చూద్దాం.

(తెర మీద: ఫోన్ ధర 30,000, ఆరు నెలలు, నెలకు 5,000)

బ్యాంకు వడ్డీ ఏడాదికి 16 శాతం అనుకుందాం, ఇది బ్యాంకుని బట్టి మారుతుంది. బిల్లు వేసేటప్పుడే అమ్మేవాళ్లో, ఫోన్ కంపెనీవాళ్లో 1,351 రూపాయలు తగ్గిస్తారు. అప్పుడు మీ క్రెడిట్ కార్డు మీద అప్పుగా పడేది 30,000 కాదు, 28,649. దాని మీద ఆరు నెలల్లో అయ్యే వడ్డీ ఎంతో తెలుసా, అదే 1,351. రెండూ కలిపితే మళ్లీ 30,000. అందుకే స్టేట్‌మెంట్‌లో ‘ఇంటరెస్ట్’ అని కనబడగానే మోసం చేశారని కస్టమర్ కేర్ వాళ్లతో గొడవ పెట్టుకోకండి, అది అక్కడ ఉండాల్సిందే.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ తగ్గించరు. 1,351 మీద అది 243 రూపాయలు, నెలనెలా కొంచెం కొంచెంగా మీ బిల్లులో పడుతుంది. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా తీసుకుంటాయి. అది 199 అనుకుంటే, దాని మీద జీఎస్టీతో కలిపి 235. మొత్తం 478 రూపాయలు. ప్రాణం పోయేంత డబ్బేం కాదు, కానీ ‘ఒక్క రూపాయి’ కూడా కాదు కదా.

నన్నడిగితే అసలు దెబ్బ ఇది కాదు. అదే ఫోన్‌ని డబ్బులు ఒకేసారి కట్టి కొంటే 2,000 తగ్గింపు ఉందనుకోండి, నో కాస్ట్ ఈఎంఐ పెట్టగానే ఆ తగ్గింపు మాయమైపోతుందనుకోండి. అప్పుడు మీకు ఆ ఫోన్ అసలు ధర 28,000. మీరు కడుతున్నది 30,478. ఈ తేడాని ఆరు నెలల అప్పుకి వడ్డీగా లెక్కగడితే ఏడాదికి దాదాపు 30 శాతం పడుతుంది! పర్సనల్ లోన్ ఇంతకంటే చవగ్గా దొరుకుతుంది చాలామందికి. కాబట్టి షాపులో మీరు అడగాల్సింది ‘నో కాస్ట్ ఉందా’ అని కాదు, ‘ఫుల్ పేమెంట్ చేస్తే ఎంతకిస్తారు’ అని. రెండు రేట్లూ ఒకటే అయితే హాయిగా ఈఎంఐ తీసుకోండి, నేనైనా అదే చేస్తాను.

(తెర మీద: ఆర్‌బీఐ, 2013, 2022)

ఆర్‌బీఐకి ఇదంతా తెలియదా అంటే, బాగా తెలుసు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాచొద్దని 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. 2022లో క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో ఇంకా స్పష్టంగా రాసింది: ఈఎంఐగా మార్చే ముందే అసలెంత, వడ్డీ ఎంత, తగ్గింపు ఎంత అనేది విడివిడిగా చూపించాలి, స్టేట్‌మెంట్‌లోనూ అలాగే చూపించాలి. అంటే ఓటీపీ కొట్టే ముందు ఆ వివరాలు మీ ముందుంటాయి. మనం కిందికి స్క్రోల్ చేసి ‘కన్ఫర్మ్’ నొక్కేస్తాం, అంతే.

ఇక మినిమమ్ డ్యూ, అంటే ఈ నెలకి కనీసం ఇంత కట్టాలని బిల్లులో చూపించే మొత్తం, దాని సంగతి. మామూలు కొనుగోళ్లకి కార్డు మీద ఎలాగూ వడ్డీ లేని గడువు ఉంటుంది. మీ బిల్లు ప్రతి నెలా 5న తయారై, 25లోపు కట్టాలనుకోండి. జూన్ 6న కొన్నదానికి జూలై 25 దాకా, అంటే 49 రోజులు టైమ్. జూలై 4న కొంటే 21 రోజులే. ఈ సౌకర్యం మొత్తం బిల్లు కట్టేవాళ్లకే. ‘ఈఎంఐ నడుస్తోంది కదా, ఈ నెలకి మినిమమ్ కట్టేద్దాం’ అనుకున్నారో, మిగిలిన సరుకులు, పెట్రోల్ బాకీ మీద నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా గీకిన ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డుతో డబ్బు తీస్తే మాత్రం బిల్లు మొత్తం కట్టేవాళ్లకి కూడా గడువు ఉండదు, ఆ జోలికి అసలు పోవద్దు.

ఈఎంఐ పెట్టిన మొత్తం మీ లిమిట్‌లోంచి మొదటి రోజే పోతుంది, నెలనెలా కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. 50,000 లిమిట్ ఉన్న కార్డు మీద ఈ ఫోన్ కొంటే వాడుకోవడానికి మిగిలేది ఇరవై వేల చిల్లర.

వస్తువు వెనక్కి ఇచ్చేస్తే అప్పు దానంతటదే పోతుందని అనుకోకండి. రీఫండ్ వచ్చాక బ్యాంకుకి ఫోన్ చేసి ఈఎంఐ రద్దయిందో లేదో కనుక్కోండి, లేకపోతే వాయిదాలు పడుతూనే ఉండొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం సాధారణంగా వెనక్కి రాదు.