ఆరో వేలు, రేచీకటి, ఆగని దాహం

అమ్మలకీ, ఆశా కార్యకర్తలకీ, అంగన్‌వాడీ టీచర్లకీ నమస్కారం.

మన అమలాపురం ఉక్కలో పిల్లలు చెంబులకి చెంబులు నీళ్లు తాగడం మామూలే. కానీ సంక్రాంతి చలిలో కూడా మంచం పక్కన నీళ్ల సీసా లేకపోతే పడుకోని పిల్లాడు, ఏడెనిమిదేళ్లొచ్చాక మళ్లీ పక్క తడుపుతున్నాడంటే అది బద్ధకం కాదు. దయచేసి కొట్టకండి. ముందు షుగర్ చూడండి. షుగర్ లేదంటే కిడ్నీల సంగతి చూడాలి.

వంశపారంపర్యంగా వచ్చే నెఫ్రోనోఫ్తిసిస్ అనే జబ్బు ఇలాగే మొదలవుతుంది. కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. మొహం ఉబ్బదు, మొదట్లో బీపీ పెరగదు, మూత్ర పరీక్ష కూడా చాలాసార్లు నార్మల్‌ అనే వస్తుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఈలోగా బిడ్డ పాలిపోతాడు, ఎత్తు పెరగడు. ఎక్కువగా కనిపించే రకంలో సుమారు 13 ఏళ్లకి కిడ్నీలు పూర్తిగా దెబ్బతింటాయి. అందుకే మూత్ర పరీక్షతో ఆగొద్దు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), హిమోగ్లోబిన్, కడుపు స్కానింగ్ చేయించండి.

ఈ జబ్బుకి మూలం ఎక్కడంటే, మన కణాల మీద నూగులాంటి సీలియా ఉంటాయి. కడుపులో బిడ్డ అవయవాలు ఏర్పడేటప్పుడూ, తర్వాత కంటి రెటీనాలో, కిడ్నీ గొట్టాల్లో వాటికి పని ఉంది. వాటిని నడిపే జన్యువు చెడితే ఒకే బిడ్డలో కన్నూ కిడ్నీ రెండూ దెబ్బతినొచ్చు. ఇలాంటిదే మరో జబ్బు, బార్డెట్-బీడిల్ సిండ్రోమ్‌లో ఆరో వేలు, చిన్నప్పుడే ఒళ్లు రావడం, రేచీకటి, కిడ్నీ జబ్బు కలిసి రావచ్చు. ఆరు వేళ్లుంటే అదృష్టమంటారు మనవాళ్లు. చాలామందికి ఆ వేలు వల్ల ఏ ఇబ్బందీ ఉండదు, నిజమే. కానీ ఆ బిడ్డే చీకటి పడితే గుమ్మం తడుముకుంటూ నడుస్తుంటే మాత్రం కళ్ల డాక్టరు దగ్గరే ఆగిపోకండి, కిడ్నీలు కూడా చూపించండి.

ఇక మేనరికం. ఈ జబ్బులకి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ అందాలి. ఇద్దరిలోనూ ఆ చెడిన జన్యువు ఉన్న దంపతులకి ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనమామనో, బావనో చేసుకుంటే ఇద్దరిలో అదే జన్యువు ఉండే వీలు ఎక్కువ. బయటి సంబంధాల్లోనూ వస్తుంది. కోడలి కడుపు మంచిది కాదనే మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. సగం నాన్నదే కదా!

ఒక బిడ్డకి జబ్బు తేలితే, బాగానే కనిపిస్తున్నా తోబుట్టువులకీ పరీక్ష చేయించండి. జన్యు పరీక్షలో మార్పు దొరికితే, తర్వాతి కాన్పులో 11–13 వారాల మధ్యే మాయ ముక్క తీసి చూడొచ్చు. అందుకే ఆ జన్యు పరీక్ష గర్భం రాకముందే చేయించుకోవాలి.