తప్పు పంపుదా, ఫ్యూజు బాక్సుదా? ఒక హెడ్‌లైటు బల్బుతో తేల్చేద్దాం

నమస్కారం అండీ. విజయవాడ ఆటోనగర్‌లో, మన షెడ్డులోనే ఉన్నాం. వెనక గ్రైండర్ మోత వినిపిస్తుంది. పక్క షెడ్డువాళ్లది, ఆపించడం నా వల్ల కాదు, సర్దుకోండి.

ఈ బండి జబ్బు ఇది. పొద్దున్న చక్కగా స్టార్టవుతుంది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు తిరిగాక రోడ్డు మీదే ఆగిపోతుంది. చెట్టు నీడన అరగంట ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఇంతకు ముందు చూసినవాళ్లు బ్యాటరీ మార్చారు, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు మార్చారు. రెండూ మారాయి, జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఇదిగో, బ్యాటరీ పక్కన ఈ నల్లటి డబ్బా. కెమెరా దగ్గరికి తీసుకురా తమ్ముడూ. ఆఁ, ఇదే. మనం ఫ్యూజు బాక్సు అంటాం. పాత బండ్లలో నిజంగానే అంతే, ఫ్యూజులు, రిలేలు గుచ్చుకునే డబ్బా. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. ఇందులో అలా కాదు. లోపల సర్క్యూట్ బోర్డు ఉంది, కొన్ని రిలేలు ఆ బోర్డుకే టంకం పెట్టి ఉన్నాయి, బండిలోని కంప్యూటర్ చెప్పినప్పుడే పనిచేస్తాయి. అందుకే కంపెనీలు దీన్ని పవర్ డిస్ట్రిబ్యూషన్ మాడ్యూల్ అంటాయి. నేను బాక్సు అనే అంటాను.

బాక్సు పాడవుతోందని ఎలా అనుమానించాలి? ఎప్పుడు చూసినా ఒకే వస్తువు మొరాయిస్తుంటే అది ఆ వస్తువు జబ్బే కావచ్చు. సంబంధం లేని నాలుగు వస్తువులు వంతులవారీగా అలిగితే మాత్రం నా చూపు బాక్సు మీదికి వెళ్తుంది. ఒకరోజు హారన్ మోగదు, మర్నాడు వైపర్లు ఆగవు, ఆ మర్నాడు తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పొద్దునకల్లా బ్యాటరీ ఖాళీ. ఆగకుండా తిరుగుతోందంటే చాలాసార్లు రిలే లోపలి కాంటాక్టులు, అంటే స్విచ్చులో తగిలి విడిపోయే లోహపు ముక్కలు, వేడికి అతుక్కుపోయినట్టు. అసలు తిరగడం లేదంటే కాంటాక్టులు కాలిపోయినట్టో, టంకం వదిలేసినట్టో.

మూత తీశాం. ముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. ఏ ఫ్యూజు ఎక్కడిదో మూత లోపల బొమ్మ ఉంటుంది, అయినా ఫోటో తీసుకోండి. చూడండి, ఈ మూల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. అక్కడ వేడి పుట్టింది. ఇక్కడ పిన్ను మీద పచ్చగా ఉన్నది కిలుము. నీళ్లు దిగితే ఇలా పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు నీళ్లలో నానిన బండ్లు చాలా వచ్చాయి. బయట శుభ్రంగా కడిగి, సీట్లు ఎండబెట్టి ఉంటాయి. ఈ బాక్సు తిరగేస్తే అడుగున కిలుము. పాత బండి కొనేవాళ్లు సీటు కింద వాసన చూస్తారు, ఈ బాక్సు అడుగు కూడా ఒకసారి చూడండి.

సరే. బ్యాటరీ 12.5 వోల్టులు ఉంది, బాగుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకు, బాడీకి వెళ్లే ఎర్త్ వైర్లు చూశాను, గట్టిగా ఉన్నాయి. ఈ రెండూ చూడకుండా బాక్సును తిట్టకూడదు, ఎర్త్ వదులైనా ఇవే లక్షణాలు వస్తాయి. ఫ్యూజుల మీద టెస్ట్ ల్యాంపు, కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం, పెడుతున్నాను. ఫ్యూజు వీపు మీద రెండు చుక్కల్లా లోహం కనిపిస్తుంది కదా, అక్కడ. రెండు వైపులా వెలిగితే మంచిది, ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయింది, రెండువైపులా వెలగకపోతే అక్కడికి కరెంటే రావడం లేదు. ఇది అందరికీ తెలిసిందే, గబగబా వెళ్లిపోతున్నాను. అన్నీ బాగున్నాయి. గుచ్చుడు రిలేలైతే పక్కనున్న అదే రకం రిలేతో మార్చి చూడటమే. రిలే కాళ్లలో 85, 86 దాన్ని ఆన్ చేసే కాయిల్‌వి, 30 లోపలికి వచ్చే కరెంటు, 87 బయటికి వెళ్లేది. అడుగున అంకెలు అచ్చువేసి ఉంటాయి.

ఇక ఇక్కడ ఆగండి. నేను బోల్తా పడింది ఇక్కడే.

రెండేళ్ల క్రితం ఇలాంటి బండే వచ్చింది. ఏ కంపెనీదో వద్దులెండి. పంపు దగ్గర కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టాను. 12.4 వోల్టులు. కరెంటు వస్తోంది, పంపు తిరగడం లేదు, కాబట్టి పంపు పోయింది. అంతే కదా? కొత్త పంపు వేసి పంపించాను. నాలుగో రోజు బండి తాడు కట్టించుకుని వచ్చింది. బండి ఓనరు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఎక్కడ తప్పు చేశాను? మీటరు చూపించిన 12.4 అబద్ధం కాదు. కానీ మీటరు కరెంటును దాదాపు లాగదు. వీధి కుళాయి గొట్టంలో చెత్త అడ్డం పడి, సూది మోపంత సందు మిగిలిందనుకోండి. కుళాయి కట్టి ఉన్నంతసేపూ లోపల పీడనం నిండుగానే ఉంటుంది. తిప్పి బిందె పెట్టండి, చుక్కలు చుక్కలుగా పడుతుంది. మీటరు కట్టిన కుళాయిని చూస్తుంది. పంపుకు కావలసింది ధార. టంకం పగిలి వెంట్రుకంత చోట తగులుతున్నా మీటరుకు 12 కనిపిస్తుంది. మళ్లీ చెబుతున్నాను, 12 కనిపించినంత మాత్రాన కరెంటు అందుతున్నట్టు కాదు.

అందుకే బిందె పెట్టాలి. నా బిందె ఇది, తుక్కులోంచి తీసిన పాత హెచ్4 హెడ్‌లైటు బల్బు. రెండు వైర్లు, రెండు మొసలి క్లిప్పులు. 55 వాట్ల ఫిలమెంట్ నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, పంపు లాగే దానికి దగ్గరే. ఎల్ఈడీ టెస్టర్లు నాకు ఇష్టం లేదు, పట్టుకోవడానికి బాగుంటాయి కానీ అవీ మీటరులాగే మోసపోతాయి. ఒక హెచ్చరిక. ఈ బల్బును పంపు, ఫ్యాను, లైట్ల వంటి మోటు వైర్ల మీదే పెట్టాలి. సెన్సర్ వైర్ల మీదా, కంప్యూటర్‌కు వెళ్లే సన్న వైర్ల మీదా పెట్టారా, బండి జబ్బు తీరదు సరికదా కొత్త జబ్బు మీ ఖాతాలో పడుతుంది. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికే వెళ్లకండి.

ఇంకొకటి. తాళం తిప్పగానే పంపుకు కరెంటు రెండు మూడు సెకన్లే వస్తుంది, ఇంజను తిరగకపోతే కంప్యూటర్ ఆపేస్తుంది. ఆ రెండు సెకన్లలో మీటరు చదవలేక మొదట్లో నానా తంటాలు పడ్డాను. బండి కంప్యూటర్‌కు తగిలించి దానికి ఆదేశాలిచ్చే స్కానర్ ఉంటే దాంతో రిలేను ఆన్ చేసి ఉంచవచ్చు. ఇదిగో, ఆన్ చేశాను. స్కానర్ లేకపోతే తాళం తిప్పడానికి ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి, ఓపికగల మనిషిని.

పంపు కనెక్టర్ ఊడదీశాను. మీటరు మాత్రమే పెడితే... 12.4. చూశారా, అదే అంకె. ఇప్పుడు బల్బు తగిలిస్తున్నాను. చూడండి, చూడండి. బల్బు ఎర్రగా, మందంగా వెలిగింది, మీటరు 8.9కి పడింది. బ్యాటరీ దగ్గర ఎంత? 12.3. అంటే మూడు వోల్టుల పైన దారిలో ఎవరో మింగుతున్నారు. అర వోల్టు దాటితేనే నేను అనుమానిస్తాను.

మింగేది బాక్సా, వైరా? బల్బు వెలుగుతూ ఉండగానే వెనక్కి నడవాలి. బల్బు తీయకండి, తీస్తే మళ్లీ అన్నీ 12 చూపిస్తాయి. బాక్సులోకి వచ్చే లావు బోల్టు మీద 12.3. పంపు ఫ్యూజు ఒక కొస 12.2, రెండో కొస 12.2. ఈ బండిలో ఫ్యూజు తర్వాత రిలే. ఇప్పుడు బాక్సు అడుగున పంపు వైరు బయటికి వచ్చే పిన్ను, వెనక నుంచి సన్న సూది దోపాను... 9. దొరికాడు. ఫ్యూజు దాకా 12.2, బయటికి వచ్చేసరికి 9. దొంగ బాక్సు లోపలే ఉన్నాడు. ఈ పిన్ను దగ్గర 12.2 ఉండి పంపు దగ్గర 9 ఉంటే అప్పుడు వైరును వెతుక్కోవాలి, ఎలుక కొరికిందేమో చూసుకోవాలి.

బండి చల్లగా ఉండి జబ్బు బయటపడకపోతే, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో బాక్సుకు కాస్త వెచ్చదనం ఇవ్వండి. మా ఇంట్లో అది కనిపించకపోతే ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. లేదా స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, బల్బు మిణుకుమంటే చాలు.

ఈ జబ్బు మనకే కాదు. 2014లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 2011 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీలను, డాడ్జ్ డురాంగోలను వెనక్కి పిలిచింది. బాక్సు లోపలి ఫ్యూయల్ పంపు రిలే వేడికి పాడై, బండ్లు స్టార్టవకపోవడం, నడుస్తూ ఆగిపోవడం. వాళ్లు చేసిన మరమ్మతు ఏమిటంటే ఆ పనిని బాక్సు బయట పెట్టిన వేరే రిలేకు అప్పగించడం. నాకు ఆ ఉపాయం నచ్చుతుంది. కొత్త బాక్సు ఖరీదు, పైగా చాలా బండ్లలో దాన్ని ఆ బండికి ప్రోగ్రామ్ చేయాలి. తుక్కు బండిలోంచి తెచ్చిన బాక్సు పెడితే కొన్నిసార్లు బండి దాన్ని గుర్తించదు.

విప్పుదాం. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. ఈ నాలుగు కొక్కేలు... వచ్చింది. భూతద్దం ఇటివ్వు తమ్ముడూ. కెమెరా ఇంకా దగ్గరికి. ఈ రిలే కాలు చుట్టూ నల్లటి సన్నటి ఉంగరంలా కనిపిస్తోందా? అది నీడ కాదు, పగులు. వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, కొన్నేళ్లకు టంకం కాలును వదిలేసింది. పాత టంకం పీల్చేసి కొత్తది పెడుతున్నాను. రిలే లోపల కాంటాక్టులు కూడా కాలి ఉంటే టంకంతో సరిపోదు, రిలేనే మార్చాలి. అది ఇప్పుడు తేలుతుంది.

బిగించాం, నెగటివ్ తగిలించాం. అదే బల్బు, అదే కనెక్టర్, స్కానర్‌తో ఆన్. తెల్లగా వెలుగుతోంది. మీటరు... 12.0. ఈసారి రిలే బతికింది. ఈ మూత అంచు రబ్బరు నలిగిపోయింది, కొత్తది వేస్తున్నాను, లేకపోతే వచ్చే వానాకాలం ఇదే బండి ఇక్కడే ఉంటుంది. పంపు కనెక్టర్ పెట్టేశాను. తాళం తిప్పు తమ్ముడూ. ఇక దీన్ని రెండింటి దాకా ఎండలో నిలబెట్టి, ఒక గంట తిప్పి చూశాకే ఈ బండి ఓనరుకు ఫోను చేస్తాను.