ఎక్స్‌టోల్: పొగడ్తే గానీ, అన్ని పొగడ్తలకూ సరిపోదు

పోటీ పరీక్షల పదజాలం పుస్తకాల్లో ‘ఎక్స్‌టోల్’ అనే ఇంగ్లీషు క్రియకు ఎదురుగా ‘మిక్కిలి పొగడు’ అన్న అర్థం కనిపిస్తుంది. అది తప్పు కాదు. అయితే దాన్ని మాత్రమే బట్టీపట్టిన విద్యార్థి, తరగతిలో ఉపాధ్యాయుడు తనను మెచ్చుకున్న సంగతి చెప్పడానికి ఈ క్రియను వాడితే, వ్యాకరణం నిలబడుతుంది గానీ మాట అతకదు. అక్కడ ‘ప్రెయిజ్’ చాలు. పై అధికారి మెచ్చుకోలు అయితే ‘కమెండ్’ మరింత నప్పుతుంది.

నేటి ఇంగ్లీషులో ఎక్స్‌టోల్ చేసేది మనిషికంటే ఎక్కువగా ఒక గుణాన్ని, ప్రయోజనాన్ని, పద్ధతిని. ‘ఎక్స్‌టోల్ ద వర్చూస్ ఆఫ్’ (ఫలానా దాని సుగుణాలను పొగడడం) అనేది అందరికీ పరిచితమైన ప్రయోగం. ఆ ‘ఆఫ్’ తరువాత పొదుపు రావచ్చు, వేకువనే లేవడం రావచ్చు, చిరుధాన్యాల భోజనమూ రావచ్చు. ‘వర్చూస్’ స్థానంలో ‘బెనిఫిట్స్’, ‘మెరిట్స్’ కూడా వస్తాయి. క్రియకూ కర్మకూ నడుమ ‘అబౌట్’ చేర్చకూడదు.

దీని మూలం లాటిన్‌లోని ‘ఎక్స్‌టొల్లెరె’, అంటే పైకెత్తడం. అందులోని ‘టొల్లెరె’కూ మన తులాభారంలోని సంస్కృత ‘తుల’కూ ధాతువు ఒకటేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిలులో, 30వ కీర్తన మొదట్లో, భక్తుడు ‘నీవు నన్ను పైకెత్తావు గనుక నిన్ను ఎక్స్‌టోల్ చేస్తాను’ అనే భావంతో దేవుణ్ణి స్తుతిస్తాడు. తెలుగు బైబిలు అక్కడ ‘కొనియాడుచున్నాను’ అంటుంది. ఈ క్రియకు అంతకన్నా మంచి తెలుగు మాట నాకు తోచలేదు.

పత్రికల్లో మాత్రం ఆ భక్తిభావం పలచబడింది. ఒక సంస్థ అధిపతి తన ఉత్పత్తి సుగుణాలను ఎక్స్‌టోల్ చేశాడని విలేఖరి రాస్తే, ఆ పొగడ్త ఆయనదే, నాది కాదని పక్కకు తప్పుకున్న ధ్వని తరచుగా వినిపిస్తుంది. మనం ‘ఆకాశానికి ఎత్తేశాడు’ అన్నప్పుడు దొర్లే చిన్న వెటకారం వంటిదే అది, కాకపోతే కాస్త మర్యాదగా ఉంటుంది.

ఉచ్చారణలో రెండో భాగాన్ని ఒత్తి, టోల్‌గేటులోని ‘టోల్’ లాగే దీర్ఘంగా పలకాలి. బ్రిటిష్ వర్ణక్రమంలో చివర ఒకే ‘ఎల్’ ఉంటుంది, అమెరికాలో రెండు రాసేవారూ ఉన్నారు. భూతకాల రూపంలో మాత్రం ఎక్కడైనా రెండు ‘ఎల్’లు రాయాలి.